చికాగో కిటికీలో యాంటెన్నా: ఉచిత టీవీ ఎన్నాళ్లు ఉచితం?

కర్నూలు నుంచో, గుంటూరు నుంచో, టోలీచౌకీ నుంచో కొడుకు దగ్గర ఆరు నెలలు ఉండి వద్దామని చికాగో వెళ్లిన అమ్మీ, అబ్బాలకు చలి తర్వాత ఎదురయ్యే రెండో చిక్కు టీవీ. కొడుకు, కోడలు పొద్దున్నే డ్యూటీకి వెళ్లిపోతారు. మనవడు స్కూలుకు పోతాడు. హాల్లో గోడంత టీవీ ఉంటుంది. ఆన్ చేస్తే మాత్రం ఛానల్ రాదు, వరసగా యాప్‌ల బొమ్మలు వస్తాయి. ఒక్కోదానికి ఒక్కో పాస్‌వర్డ్, ఒక్కోదానికి ఒక్కో నెల చందా. మధ్యాహ్నం బయట టోర్నడో సైరన్ మోగితే అది టెస్టింగా, నిజమా అని చెప్పే మనిషి ఇంట్లో ఉండడు.

ఈ చిక్కుకు పది పదిహేను డాలర్ల జవాబు ఒకటి ఉంది. కిటికీ పక్కన పెట్టే చిన్న యాంటెన్నా. అమెరికాలో ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్, పీబీఎస్ వంటి పెద్ద నెట్‌వర్క్‌ల స్థానిక ఛానళ్లు ఇప్పటికీ గాలిలో ఉచితంగా వస్తాయి. నెల బిల్లు లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు, లాగిన్ అసలే లేదు. స్థానిక వార్తలు, వాతావరణ హెచ్చరికలు, కొన్ని పెద్ద మ్యాచ్‌లు, పిల్లల కార్యక్రమాలు దీంతోనే చూడొచ్చు. ఒక్కటి మాత్రం ముందే చెప్పుకోవాలి. మన తెలుగు, ఉర్దూ న్యూస్ ఛానళ్లు దీంట్లో వస్తాయని ఆశపడి కొంటే నిరాశే మిగులుతుంది. వాటికి ఇంటర్నెట్ దారే దిక్కు.

మనవాళ్లకు ఈ సంగతి తట్టకపోవడానికి కారణం ఉంది. ఇక్కడ యాంటెన్నా కాలం ముగిసిపోయింది. శుక్రవారం సాయంత్రం చిత్రలహరి టైముకు డాబా ఎక్కి అల్యూమినియం కడ్డీలు తిప్పుతూ ‘వచ్చిందా? ఇప్పుడొచ్చిందా?’ అని కిందికి అరిచిన తరం ఇంకా మన ఇళ్లలోనే ఉంది. కానీ ఆ తర్వాత కేబుల్ వచ్చింది, డిష్ వచ్చింది. దూరదర్శన్ పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దశలవారీగా మూసేస్తామని ప్రసార భారతి 2021లో ప్రకటించింది. ఉచితంగా చూడాలనుకునే మన ఇళ్లకు 2004లో మొదలైన డీడీ డైరెక్ట్ ప్లస్, అంటే ఇప్పటి ఫ్రీ డిష్, ఆ లోటు తీర్చింది. అందుకే అమెరికాలో కూడా యాంటెన్నా పోయే ఉంటుందని అనుకుంటారు. అక్కడ జరిగింది వేరు. 2009 జూన్ 12న పెద్ద స్టేషన్లన్నీ అనలాగ్ ఆపేసి పూర్తిగా డిజిటల్‌కు మారాయి. టవర్లు అలాగే ఉన్నాయి, బొమ్మ మాత్రం హెచ్‌డీ అయింది.

మరి ఉచితంగా గాలిలో వచ్చే ఛానళ్లకు కేబుల్ కంపెనీ ఎందుకు డబ్బు వసూలు చేస్తోంది? 1992 నాటి కేబుల్ చట్టం ప్రకారం స్థానిక స్టేషన్లు తమ ఛానల్‌ను కేబుల్‌లో ఇచ్చేందుకు కంపెనీల నుంచి రుసుము అడగొచ్చు. ఆ భారమే చాలా బిల్లుల్లో ‘బ్రాడ్‌కాస్ట్ టీవీ ఫీజు’ పేరుతో చివర్లో ఎక్కడో కనిపిస్తుంది. ప్యాకేజీ ధర చూసి చేరినవాళ్లు మొదటి బిల్లు వచ్చాక ఉలిక్కిపడేది ఇలాంటి పద్దుల దగ్గరే.

ఇంటర్నెట్ ద్వారా ఈ ఛానళ్లను చవకగా ఇద్దామని ప్రయత్నించినవాళ్లు లేకపోలేదు. 2012లో న్యూయార్క్‌లో మొదలైన ఏరియో అనే కంపెనీ ఒక్కో చందాదారుకు చిన్న నాణెమంత యాంటెన్నా కేటాయించి, అది పట్టిన సిగ్నల్‌ను నెట్‌లో పంపేది. 2014 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 6–3 తీర్పుతో అది కాపీరైట్ ఉల్లంఘనే అంది. లాభాపేక్ష లేని సంస్థగా నడిచిన లోకాస్ట్ కూడా 2021లో కోర్టు తీర్పు తర్వాత మూతపడింది. అంటే అద్దె యాంటెన్నా చట్టానికి నచ్చలేదు, సొంత యాంటెన్నాకు మాత్రం ఏ అడ్డూ లేదు. ఇంటి ఓనర్లు వద్దనకుండా కూడా రక్షణ ఉంది. 1996 నుంచి అమల్లో ఉన్న ఎఫ్‌సీసీ నిబంధన కింద, అద్దెవాళ్లు తమకు మాత్రమే చెందిన బాల్కనీలో టీవీ యాంటెన్నా పెట్టుకోవడాన్ని అపార్ట్‌మెంట్ యాజమాన్యం సాధారణంగా అడ్డుకోలేదు. అందరికీ ఉమ్మడిగా ఉండే డాబా మీద, బయటి గోడ మీద ఆ హక్కు ఉండదు. ఇంటి లోపల పెట్టుకునేదానికైతే ఎవరినీ అడగక్కర్లేదు.

ఇక ఏది కొనాలి? షాపులో, ఆన్‌లైన్‌లో యాంటెన్నా బాక్స్‌ల మీద కనిపించే అంకెలు చూస్తే కళ్లు తిరుగుతాయి. 100 మైళ్లు, 250 మైళ్లు అని రాస్తారు. ఆ అంకెకు ప్రభుత్వ ముద్ర ఏదీ ఉండదు. టీవీ తరంగాలు దాదాపు చూపు సాగినంత దూరమే నేరుగా పోతాయి. భూమి వంపు దగ్గర సిగ్నల్ నీరసిస్తుంది. డాబా మీద పెద్ద యాంటెన్నా పెట్టినా 60, 70 మైళ్లు దాటాక నమ్మకంగా రావడం కష్టం. గదిలో, గోడల మధ్య పెట్టేదానికి 30, 40 మైళ్లు వస్తే గొప్ప. ‘4కే యాంటెన్నా’, ‘హెచ్‌డీ యాంటెన్నా’ అన్నవి కూడా అమ్మకం మాటలే. యాంటెన్నా అంటే కొలత ప్రకారం కోసిన లోహం. దాని మీద పడే తరంగంలో ఏ బొమ్మ ఉందో దానికి తెలియదు.

కొనేముందు చూడాల్సింది ఇంటి నుంచి టవర్ ఎంత దూరం, ఏ దిక్కున ఉంది అన్నది. ఎఫ్‌సీసీ వెబ్‌సైట్‌లో డీటీవీ మ్యాప్ ఉంది, రాబిట్‌ఇయర్స్ అనే సైట్ ఇంకా వివరంగా చెబుతుంది. ఇంటి అడ్రస్ కొడితే ఏ స్టేషన్ ఎటువైపు ఉంది, సిగ్నల్ ఎంత బలంగా ఉంది అన్నది రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఇది చూడకుండా రివ్యూల్లోని నక్షత్రాలు లెక్కపెట్టి కొంటే లాభం లేదు. ఆ రివ్యూ రాసినాయన టవర్ పక్క వీధిలో ఉండొచ్చు, కొన్నవాళ్లు కొండ అవతల ఉండొచ్చు.

హైదరాబాదీలు ఎన్నో ఏళ్లుగా స్థిరపడ్డ డెవాన్ అవెన్యూనే తీసుకుందాం. అక్కడి నుంచి చికాగో డౌన్‌టౌన్‌లోని విల్లిస్ టవర్ దాదాపు 9 మైళ్లు. ఒకప్పటి సియర్స్ టవర్ అదే. జాన్ హాన్‌కాక్ సెంటర్‌గా పేరుపడ్డ భవనం ఇంకాస్త దగ్గర. నగరంలోని పెద్ద టీవీ స్టేషన్ల ప్రసారాలు ఈ రెండు భవనాల నెత్తి నుంచే వస్తాయి. ఈ రెండింటికీ నిర్మాణ ఇంజినీరు ఒక్కరే. ఢాకాలో చదువుకుని 1952లో ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద ఇల్లినాయ్‌ వచ్చిన ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్. గొట్టాలను కట్టగా కట్టినట్టు ఆకాశహర్మ్యాన్ని నిలబెట్టే ఆయన పద్ధతి వల్లే 110 అంతస్తుల సియర్స్ టవర్ సాధ్యమైంది. డెవాన్ మీద సమోసా తింటూ టీవీ చూసేవాళ్లలో ఎందరికి ఈ సంగతి తెలుసో!

తొమ్మిది మైళ్లంటే దగ్గరే. ఏ యాంటెన్నా అయినా సరిపోవాలి కదా? చాలా ఛానళ్లకు సరిపోతుంది. చికాగోలో ఎక్కువమంది తలలు పట్టుకునేది ఒక్క సీబీఎస్ దగ్గరే. టీవీ తెర మీద దాని నంబర్ 2 అని కనిపిస్తుంది. నిజానికి గాలిలో అది వచ్చేది ఛానల్ 12 మీద. తెర మీది నంబర్ పాత అనలాగ్ రోజుల గుర్తుగా మిగిలిన పేరు మాత్రమే. ఏబీసీ కూడా అంతే, తెర మీద 7, గాలిలో 22. తేడా ఏమిటంటే 14 నుంచి 36 వరకు ఛానళ్లు యూహెచ్‌ఎఫ్, వాటి తరంగం పొట్టిది. 7 నుంచి 13 వరకు ఉన్నవి వీహెచ్‌ఎఫ్, వాటి తరంగం పొడుగు. తరంగంలో సగం పొడవు లోహం ఉంటే యాంటెన్నా బాగా పడుతుంది. యూహెచ్‌ఎఫ్‌కు అడుగు అటూ ఇటూ చాలు. ఛానల్ 12కు రెండున్నర అడుగులకు కాస్త తక్కువ కావాలి. గోడకు అతికించే, ఆకులా పల్చగా ఉండే యాంటెన్నాలు చాలావరకు అడుగు వెడల్పే ఉంటాయి. అందుకే ఏబీసీ, ఎన్‌బీసీ, ఫాక్స్ అద్దంలా వచ్చి సీబీఎస్ ఒక్కటే రాదు. జనం యాంటెన్నా పాడైందనుకుని ఇంకా ఖరీదైన పల్చటి ఆకును కొనేస్తారు.

దీనికి మందు పాతకాలపు ‘కుందేలు చెవులు’. రెండు లాగుడు కడ్డీలు, మధ్యలో ఓ చుట్టు ఉండే చవక యాంటెన్నా. చుట్టు యూహెచ్‌ఎఫ్‌ను పడుతుంది, కడ్డీలు వీహెచ్‌ఎఫ్‌ను పడతాయి. చికాగోలో ఛానల్ 12 కోసం ఒక్కో కడ్డీని పూర్తిగా లాగకుండా 14 అంగుళాల దగ్గర ఆపి, రెండింటినీ అడ్డంగా పరిచినట్టు చాపాలి. కడ్డీల మొన టవర్ వైపు ఉండకూడదు, వాటి వెడల్పు టవర్‌కు ఎదురుగా ఉండాలి. డాబా ఎక్కి తిప్పిన తరానికి ఇది చేతిలో పని. అప్పట్లో బొమ్మ మీద చుక్కలు తగ్గుతుంటే దారిలో ఉన్నామని తెలిసేది. డిజిటల్‌లో ఆ మధ్యస్థం లేదు. బొమ్మ పూర్తిగా వస్తుంది, లేదంటే గళ్లు గళ్లుగా విరిగి ఆగిపోతుంది. చాలా టీవీల సెట్టింగ్స్‌లో సిగ్నల్ బలం చూపే గీత ఉంటుంది, దాన్ని చూస్తూ తిప్పుకోవాలి.

డాలస్‌లో కథ ఇంకోలా ఉంటుంది. అక్కడి పెద్ద స్టేషన్ల టవర్లు నగరానికి నైరుతిలో సీడర్ హిల్ దగ్గర గుంపుగా ఉన్నాయి. తెలుగువాళ్లు గుంపులుగా చేరిన ఫ్రిస్కో అక్కడి నుంచి దాదాపు 40 మైళ్లు. పైగా డాలస్ ఏబీసీ స్టేషన్ వీహెచ్‌ఎఫ్ ఛానల్ 8 మీద వస్తుంది. ఇర్వింగ్‌లో పై అంతస్తు, దక్షిణం కిటికీ ఉంటే కుందేలు చెవులతో గట్టెక్కొచ్చు. ఫ్రిస్కోలో కింది అంతస్తు ఇంట్లో, ఉత్తరం గదిలో ఇండోర్ యాంటెన్నా మీద డబ్బు పెట్టడం కన్నా అటక మీదో, బయటో పెద్దది బిగించుకోవడమే మేలు. సొంత ఇల్లు ఉన్నవాళ్లకు అది సులువు, అద్దెవాళ్లకు బాల్కనీ ఎటు తిరిగి ఉందన్నదే అదృష్టం.

ఇంట్లో ఎక్కడ పెట్టాలన్నది ఏది కొన్నామన్నంత ముఖ్యం. టీవీ వెనక చీకట్లో పడేస్తే మంచి యాంటెన్నా కూడా చేతులెత్తేస్తుంది. ఎత్తులో, టవర్ వైపు కిటికీ దగ్గర ఉండాలి. కానీ కొత్త అపార్ట్‌మెంట్లలో ఎండ వేడి ఆపే లోహపు పూత అద్దాలు ఉంటాయి, అవి తరంగాన్ని కూడా వెనక్కి కొడతాయి. అలాంటి చోట పక్క గోడే నయం కావచ్చు. వైర్ కాస్త పొడుగ్గా తీసుకుని నాలుగు చోట్ల పెట్టి చూసి, ప్రతిసారీ ఛానల్ స్కాన్ చేయాలి. ఒక సాయంత్రం దీనికి పోతుంది.

యాంప్లిఫయర్ ఉన్నది తీసుకుంటే మంచిది కాదా అని అందరూ అడుగుతారు. టవర్‌కు దగ్గర్లో ఉన్నవాళ్లకు అది మేలు కన్నా కీడే చేయొచ్చు. అసలు అందని సిగ్నల్‌ను అది పుట్టించలేదు, వచ్చినదాన్ని, దాంతో పాటు రొదను కూడా పెంచుతుంది. బలమైన సిగ్నల్‌ను ఇంకా పెంచితే ట్యూనర్ ఉక్కిరిబిక్కిరవుతుంది. పొడుగు వైర్ లాగి రెండు మూడు టీవీలకు పంచుకునేవాళ్లకు అది పనికొస్తుంది. ఇంకో సంగతి. 2017లో ముగిసిన వేలంలో ఎఫ్‌సీసీ 38 నుంచి 51 వరకు టీవీ ఛానళ్ల జాగాను మొబైల్ కంపెనీలకు అప్పగించింది. వేలంలో వచ్చింది 1,980 కోట్ల డాలర్లు. టీవీల ఆఖరి ఛానల్ 36కు పై జాగాలో ఇప్పుడు ఫోన్ సిగ్నళ్లు తిరుగుతున్నాయి. సెల్ టవర్ ఇంటికి ఆనుకుని ఉంటే యాంప్లిఫయర్ దాన్ని కూడా పెంచి టీవీ సిగ్నల్‌ను ముంచేస్తుంది. ముందు యాంప్లిఫయర్ లేకుండా చూసి, చాలకపోతేనే దాని జోలికి పోవాలి.

కొన్ని చిన్న జాగ్రత్తలు కూడా ఉన్నాయి. టీవీలో ట్యూనర్ ఉండాలి. మానిటర్‌గా అమ్మేవాటిలో అది ఉండదు, విడిగా ఓ చిన్న బాక్స్ కొనాలి. ఇండియా నుంచి తెచ్చిన టీవీ అక్కడి సిగ్నల్ భాషను చదవలేదు, రెండు దేశాల ప్రమాణాలు వేరు.

ఇంతవరకు చెప్పింది ఈరోజు సంగతి. రేపటి సంగతే అసలు వివాదం. ఏటీఎస్‌సీ 3.0 అనే కొత్త ప్రమాణాన్ని స్వచ్ఛందంగా వాడుకోవచ్చని ఎఫ్‌సీసీ 2017 నవంబర్‌లో అనుమతించింది. ‘నెక్స్ట్‌జెన్ టీవీ’ పేరుతో అమ్ముతున్నది ఇదే. మంచి ప్రమాణమే, 4కే బొమ్మకు వీలుంది, ఇంటి లోపల సిగ్నల్ నిలకడగా ఉంటుంది, ఏ ప్రాంతానికి ఆపద ఉందో ఆ ప్రాంతానికే హెచ్చరిక పంపొచ్చు. చిక్కల్లా పాత టీవీలు దీన్ని చదవలేకపోవడం. అందుకే కొత్తదానికి మారిన స్టేషన్లు పాత ప్రసారాన్ని కూడా కొనసాగించాలన్న షరతు పెట్టారు. ఆ షరతుకు తెర దించాలని, మొదటి 55 పెద్ద మార్కెట్లలో 2028 ఫిబ్రవరికల్లా, మిగతా చోట్ల 2030 ఫిబ్రవరికల్లా పాతది ఆపేయాలని బ్రాడ్‌కాస్టర్ల సంఘం 2025లో ఎఫ్‌సీసీని కోరింది. అదే ఏడాది అక్టోబర్‌లో ఎఫ్‌సీసీ, ఎప్పుడు మారాలన్నది స్టేషన్ల ఇష్టానికే వదిలే ప్రతిపాదనను ముందుకు తెచ్చింది. చికాగో, డాలస్ రెండూ ఆ పెద్ద మార్కెట్ల జాబితాలోనివే.

అసలు గుబులు మరొకటి. కొత్త ప్రసారాలకు చాలా స్టేషన్లు తాళం వేస్తున్నాయి. చూసేవారు డబ్బు కట్టనక్కర్లేదు గానీ, ఆ తాళం తీసే అనుమతి ఉన్న టీవీయో, బాక్సో కావాలి. అది లేని చవక బాక్సులు, సొంతంగా రికార్డు చేసుకునే పరికరాలు పక్కన పడిపోతాయి. దొంగతనంగా నెట్‌లో పెట్టేవాళ్లను ఆపడానికే ఇదంతా అని స్టేషన్లు చెబుతున్నాయి. ఆ మాటలో కొంత న్యాయం ఉంది. కానీ ప్రజల గాలిని వాడుకునే ప్రసారానికి తాళంచెవి ప్రైవేటు సంస్థల చేతిలో ఉండటం న్యాయమా అన్న ప్రశ్నకు ఆ జవాబు సరిపోదు. టీవీ తయారీదారులు కూడా ఒక్కతాటి మీద లేరు. పేటెంట్ కేసులో ఓడిపోయాక ఎల్‌జీ తన 2024 అమెరికా టీవీల నుంచి ఈ ట్యూనర్‌నే తీసేసింది.

2009లో ఇలాంటి మార్పే వచ్చినప్పుడు ప్రభుత్వం ఇంటికి రెండు చొప్పున 40 డాలర్ల కూపన్లు ఇచ్చింది. కూపన్ల డబ్బు చాలక అసలు గడువును ఫిబ్రవరి నుంచి జూన్‌కు జరపాల్సి వచ్చింది కూడా. ఈసారి ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందన్నది మామూలు కుటుంబాల ప్రశ్న. మూడేళ్ల కిందట వాల్‌మార్ట్‌లో కొన్న టీవీ, ఎవరో వెళ్లిపోతూ ఇచ్చేసిన టీవీ వాడుకునే విద్యార్థులు, టాక్సీ, గ్యాస్ స్టేషన్ పనుల మీద బతికే ఇళ్లు దీన్ని ముందుగా భరించాలి. పిల్లల ఛానల్‌గా చాలా ఇళ్లకు అలవాటైన పీబీఎస్ కిడ్స్ మీద ఇంకో దెబ్బ ఉంది. 2025 జూలైలో అమెరికన్ కాంగ్రెస్ ప్రజా ప్రసారాలకు ఇవ్వాల్సిన 110 కోట్ల డాలర్లను వెనక్కి తీసుకుంది. పీబీఎస్ స్టేషన్లు అప్పటి నుంచి విరాళాల కోసం ఇంకా గట్టిగా చేయి చాస్తున్నాయి.

ఇదంతా విని ‘అయితే రెండేళ్లు ఆగి కొందాం’ అనుకోనక్కర్లేదు. కొత్త ప్రమాణం కూడా అవే ఛానళ్ల మీద, అవే టవర్ల నుంచి వస్తుంది. ఇవాళ కొన్న కుందేలు చెవులు అప్పుడూ పనిచేస్తాయి, మారాల్సింది ట్యూనరే. కాబట్టి ‘3.0కు రెడీ’ అని బాక్స్ మీద రాసి ధర పెంచిన యాంటెన్నాలకు అదనంగా ఒక్క డాలర్ పెట్టక్కర్లేదు. కొత్త టీవీ కొనేవాళ్లు మాత్రం ఆ ట్యూనర్ ఉందో లేదో అడగాలి. దాని కోసమే ఉన్న టీవీని మార్చేయడం ఇప్పటికైతే తొందరపాటు.

ఈ పోరు మనకు పూర్తిగా పరాయిది కూడా కాదు. ఫోన్‌లో డేటా లేకుండా టీవీ చూపే డైరెక్ట్ టు మొబైల్ పద్ధతిని ఐఐటీ కాన్పూర్, సాంఖ్య ల్యాబ్స్ ప్రసార భారతితో కలిసి పరీక్షించింది ఈ ఏటీఎస్‌సీ 3.0 మీదే. తాళం ఉంటుందా, ఉండదా అన్న వాదన రేపు ఇక్కడ కూడా రావచ్చు.

అంతవరకు చికాగోలో అమ్మీ, అబ్బా ఉన్న ఇంట్లో చేయాల్సిన పని చిన్నది. ఆదివారం పూట కొడుకు కూర్చుని స్కాన్ చేసి, రిమోట్‌లో యాంటెన్నా ఇన్‌పుట్‌కు ఏ బటన్ నొక్కాలో చూపించి, ఒక కాగితం మీద తెలుగులోనో ఉర్దూలోనో పెద్ద అక్షరాలతో రాసి టీవీ పక్కన అతికించాలి. సీబీఎస్ 2.1, ఎన్‌బీసీ 5.1, ఏబీసీ 7.1, డబ్ల్యూజీఎన్ 9.1, పీబీఎస్ 11.1, ఫాక్స్ 32.1. మధ్యలో చుక్క కోసం రిమోట్ మీద అడ్డగీత బటన్ ఉంటుంది, చాలామందికి ఆగిపోయేది అక్కడే. సైరన్ మోగినప్పుడు వీటిలో ఏది పెట్టినా తెర మీద ఏ కౌంటీకి హెచ్చరికో రాసి కనిపిస్తుంది. అందుకే తాము ఉంటున్న కౌంటీ పేరును కూడా అదే కాగితం మీద రాసి ఉంచాలి.